జాకెట్టు ముక్క

పర్లాకిమిడిలో ఎక్కి బరంపురంలో దిగేదాకా
సంచి ఒళ్ళోంచి దించలేదు నేను.
అందులో పదకొండు వేల మూడొందలు,
పెళ్ళి ఫొటోలున్న పెన్‌డ్రైవ్,
దర్జీ కూర్మమ్మని బతిమాలి తెచ్చుకున్న
అరచేతంత జాకెట్టు ముక్క.

వంకాయరంగు.
ఊరికే వంకాయ కాదు,
పచ్చడికి కాల్చే ముందు నూనె రాస్తామే,
అప్పటి వంకాయ.

ఆ చీర కట్టిన పిల్ల తల్లి
మాఘం వెళ్ళాక వచ్చి, ఆల్బమ్ నా బల్ల మీద పెట్టి
"ఇది మా చీర కాదు" అంది.
పిల్ల వాళ్ళదే, పీటలు వాళ్ళవే,
చీర మాత్రం ఇటుకల బట్టీలోంచి వచ్చింది.
అరిచి ఉంటే బాగుండేది.
"పోనీలే, నువ్వేం చేస్తావు" అంటూ
మిగతా డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది.

ఆ రాత్రి తెలిసింది,
నా పాత మానిటర్‌కి నీలం పిచ్చి.
అది నీలం చూపించినప్పుడల్లా నేను ఎరుపు పోశాను,
తొమ్మిదేళ్ళు.
కళ్ళద్దాలు రెండుసార్లు మార్చుకున్నాను గానీ
దాన్ని అనుమానించలేదు.

కొత్తది కొందామనగానే ఇల్లంతా నిపుణులే.
ఢిల్లేశ్, మా అక్క కొడుకు,
నూట నలభై నాలుగు హెర్ట్జ్ ఉండాల్సిందే అంటాడు.
"శత్రువు నన్ను ముందు సూసేస్తన్నాడు పిన్నీ,
నాను సూసేసరికి నాను లేను."
మా ఆయనకి వేగం అక్కర్లేదు, నలుపు కావాలి.
టాకీసులో పంతొమ్మిదేళ్ళు రీళ్ళు తిప్పిన మనిషి,
ఇప్పుడా హాల్లో ఎరువుల బస్తాలు.
"రాత్రి సీను బూడిద పూసినట్టుంటే
దొంగ ఎక్కడ దాక్కుంటాడే?"

నలుపు బాగుండేది వీఏ అట,
దాంట్లో కదిలేవి తోక ఈడుస్తాయట.
రంగు నిజం చెప్పేది ఐపీఎస్ అట,
దాని నలుపు పలచనట.
వంపు తిరిగినదొకటుంది, అందంగానే ఉంది,
దాంట్లో మండపం స్తంభాలు నిటారో కాదో
దేవుడికెరుక.

షాపులో బెహరా బాబు
ధర ఒడియాలో చెప్పాడు, తగ్గింపు తెలుగులో.
గోడంతా తెరలు, అన్నిట్లో ఒకటే రామచిలక,
ఒక్కోదాంట్లో ఒక్కో జాతిది.
"చిలకని నేనెప్పుడూ ఫొటో తీయలేదు,
ఇది పెట్టండి" అని పెన్‌డ్రైవ్ ఇచ్చి
సంచిలోంచి ముక్క తీసి
గాజుకి ఆనించాను.
కుర్రాళ్ళు నవ్వారు. నవ్వనీ.

మొదటిదాంట్లో చీర వెలిసిపోయింది.
రెండోదాంట్లో చీరకి జ్వరం.
మూడోది ఆ వంపుది, ఢిల్లేశ్ ఊపిరి బిగబట్టాడు,
మడతలన్నీ చీకట్లో కలిసిపోయాయి.
మూలన, దుమ్ముతో, ఇరవై నాలుగు అంగుళాలది,
నూరే హెర్ట్జ్,
స్టాండు పైకీ కిందకీ కదలదు.
ముక్క ఆనించాక
దాని అంచు ఎక్కడుందో
వేలితో తడుముకోవాల్సి వచ్చింది.

దిగపహండి దాటేదాకా ఢిల్లేశ్ మాట్లాడలేదు.
తర్వాత, డబ్బా మీద గడ్డం ఆనించి,
"పాతది అరవయ్యే గదా" అన్నాడు తనలో తను.
ఇంటికొచ్చి తెల్ల తెర పెట్టి
చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయేమోనని
పేలు చూసినట్టు చూశాడు.

మా ఆయన రాత్రి సీనొకటి పెట్టుకుని పెదవి విరిచాడు.
లేచి వెళ్ళి, దేవుడి గదిలో జీరో బల్బు విప్పి తెచ్చి
తెర వెనక, గోడ వైపు వెలిగించాడు.
నలుపు ఒక మెట్టు కిందకి దిగింది.
"ఏటి చేశావు?"
"తెరకేటీ చెయ్యలేదు. కంటికి చెప్పాను."

వాళ్ళు పడుకున్నాక ఆ ఆల్బమ్ తెరిచాను.
ఎరుపు తీస్తూ వచ్చాను, కొంచెం, ఇంకొంచెం.
చీర దొరికింది.
అప్పుడు చూశాను పిల్ల మొహం.
బుగ్గల మీది సిగ్గు కూడా
నేను పోసిందేనట.
పాపం, ఆ పిల్లకి నిద్ర చాలలేదు, అంతే.

రేపు కొత్త ప్రింట్లు పట్టుకెళ్ళాలి.
చీర వాళ్ళది వాళ్ళకి ఇచ్చేస్తాను.
సిగ్గు సంగతి
అడిగితే చెబుతాను.